భద్రమైన అభ్యంగనం దగ్గరే ఆగిపోతున్న సత్యోపదేశం: మన విచారణ పెద్దలకు బహిరంగ లేఖ

పూజ్య విచారణ గురువులకు, విచారణ సలహా సంఘ సభ్యులకు, సిస్టర్లకు, నాతోపాటు సత్యోపదేశం చెబుతున్న మిత్రులకు వందనాలు.

ఈ లేఖను మీ చేతికి విడిగా ఇవ్వకుండా అందరి ముందూ పెడుతున్నాను. నేను అడగబోయేది సలహా సంఘం ఒక తీర్మానం చేసినంత మాత్రాన అయ్యే పని కాదు. విచారణలో, అంటే మన గుడికి చెందిన ఈ కతోలిక సంఘంలో, ప్రతి కుటుంబమూ కొంత సమయం ఇవ్వాలి, కొంత అలవాటు మార్చుకోవాలి. అందుకే వాళ్లు కూడా చదవాలని నా కోరిక.

మన విచారణలో విశ్వాస శిక్షణ అంటే పిల్లల సత్యోపదేశమే, అంటే పిల్లలకు చెప్పే మతబోధ క్లాసులే. మొదటి దివ్యసత్ప్రసాదానికి (పూజలో పవిత్ర రొట్టెను తొలిసారి స్వీకరించడానికి) ఒక బ్యాచ్, భద్రమైన అభ్యంగనానికి (జ్ఞానస్నానం పొందినవాళ్లను విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారానికి) ఇంకో బ్యాచ్. ఆ రోజున మేత్రాణులవారు (బిషప్) వస్తారు, ఫోటోలు దిగుతాం, సర్టిఫికెట్లు పంచుతాం. మరుసటి ఆదివారం నుంచి ఆ పిల్లలు కనపడరు. వాళ్లు మానేశారని మనం బాధపడుతుంటాం గానీ, వాళ్లు రావడానికి అక్కడ క్లాసు ఏదీ లేదు. పదిహేనేళ్ల వయసు దాటిన మనిషికి ఆదివారం ప్రసంగం, పెళ్లికి ముందు కోర్సు తప్ప విశ్వాసం గురించి నేర్చుకునే చోటు మన విచారణలో ఒక్కటీ లేదు. ఇది మారాలి. పిల్లల క్లాసు పక్కన పెద్దల క్లాసు ఒకటి అదనంగా చేర్చమని నేను అడగడం లేదు. పెద్దల శిక్షణను మధ్యలో పెట్టి, పిల్లల శిక్షణ దాని మీద ఆధారపడి నడిచేలా మొత్తం అమరికనే మార్చమని అడుగుతున్నాను.

ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లిని ఊహించుకోండి. ఆమె చిన్నప్పుడు సత్యోపదేశం శ్రద్ధగా నేర్చుకుంది. దేవుడు మంచివాడని, అడిగితే ఇస్తాడని, మంచివాళ్లను కాపాడతాడని చదువుకుంది. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ మాటలు సరిపోయాయి. ఇప్పుడు ఆమె వయసు నలభై. అడిగింది, ఏడ్చి అడిగింది, అయినా బిడ్డ దక్కలేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్లు ‘దేవుడికి ఇష్టమై తీసుకెళ్లాడు’ అంటారు. ‘నీ విశ్వాసాన్ని పరీక్షిస్తున్నాడు’ అంటారు. ఆ మాటలు విన్నాక ఆమె ఆ దేవుడి ముందు ఎలా మోకరిల్లాలి?

ఆమెకు ఇవ్వడానికి మన దగ్గర చాలా ఉంది. యోబు గ్రంథం చివరలో దేవుడు ఎవరి మీద కోపించాడు? తనను ప్రశ్నించిన యోబు మీద కాదు, తనను వెనకేసుకొచ్చినట్లు మాట్లాడిన స్నేహితుల మీద. వాళ్లు నా గురించి సరిగ్గా మాట్లాడలేదని దేవుడే అన్నాడు. కీర్తనల గ్రంథంలో విలాప కీర్తనలు ఎన్ని ఉన్నాయో చూడండి. 88వ కీర్తనలో చివరి మాట కూడా చీకటే. ఆశతో ముగియని ప్రార్థనను కూడా పవిత్ర గ్రంథం ప్రార్థనగానే ఒప్పుకుంది. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఇవన్నీ ఆ తల్లికి ముందే తెలిసి ఉంటే ఆమె దుఃఖం తగ్గేదని నేను అనను. దేవుడితో పోట్లాడే హక్కు తనకుందని, అలా పోట్లాడడం విశ్వాసం పోగొట్టుకోవడం కాదని మాత్రం తెలిసేది. పూజకు రావడం మానేయాల్సిన అవసరం ఉండేది కాదు. ఓదార్చడానికి వెళ్లిన మనకు కూడా ఏం మాట్లాడకూడదో తెలిసేది. ఇందులో ఏదీ తొమ్మిదేళ్ల వయసులో నేర్పగలిగేది కాదు. పెద్దయ్యాక, తోటివాళ్ల మధ్య కూర్చుని, మెల్లగా నేర్చుకోవాల్సినది.

ఇలాంటి ప్రశ్నలు వయసును బట్టి మారుతుంటాయి. కాలేజీకి వెళ్లిన కుర్రాడు, సైన్సు చెప్పే విశ్వారంభానికీ ఆదికాండానికీ పొత్తు కుదరదనుకుని ఏదో ఒకదాన్ని వదిలేయాలని తేల్చుకుంటాడు. ఆదికాండం ఎలాంటి రచన, దాన్ని శ్రీసభ (కతోలిక చర్చి) ఎలా చదువుతుంది అని అతనికి ఎవరూ చెప్పలేదు. కొత్తగా పెళ్లయినవాళ్లకు క్షమించడం గురించి సందేహాలు ఉంటాయి. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు నిజాయితీ గురించి, ముసలి తల్లిదండ్రులను చూసుకుంటున్నవాళ్లకు అలసట గురించి ఉంటాయి. వీటిని మనసులో పెట్టుకునే అందరూ ఆదివారం గుడిలో కూర్చుంటారు, ఎవరినీ ఏమీ అడగకుండానే ఇంటికి వెళ్తారు. ఇంకా పాలే తాగుతున్నారు, గట్టి ఆహారం తినాల్సిన వయసు వచ్చింది కదా అని హెబ్రీయులకు రాసిన లేఖలో ఒక మందలింపు ఉంది. మన విషయంలో ఆ మందలింపు విశ్వాసులకంటే ముందు వడ్డించాల్సినవాళ్లకే చెందుతుందని నా అభిప్రాయం.

ఇదంతా నా సొంత ఊహ కాదు. శ్రీసభ మనకు వందేళ్లకు పైగా చెబుతూనే ఉంది. 1905లో పదవ పయస్ పోపు సత్యోపదేశం గురించి ఒక లేఖ రాశారు. ఆదివారాల్లో, పండుగ రోజుల్లో పిల్లలకు గంటసేపు సత్యోపదేశం చెప్పాలని అందులో ఆదేశించారు. మనకు ఈ భాగం బాగా గుర్తుంది. అదే లేఖలో ఇంకో ఆదేశం కూడా ఉంది: పూజలో చెప్పే ప్రసంగం కాక, పెద్దలకు విడిగా, తేలిక మాటల్లో, వాళ్లకు వీలైన వేళలో సత్యోపదేశం వివరించాలి. విశ్వాస సంగ్రహం (మనం నమ్మేదాన్ని క్లుప్తంగా చెప్పే ప్రార్థన), దివ్య సంస్కారాలు (జ్ఞానస్నానం, దివ్యసత్ప్రసాదం లాంటివి), పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన, శ్రీసభ కట్టడలు అన్నీ నాలుగైదేళ్లలో పూర్తయ్యేలా పంచుకుని చెప్పాలి. ఈ రెండో భాగాన్ని మనం మరిచిపోయాం. 1910లో అదే పోపుగారు పిల్లలు సుమారు ఏడేళ్లకే దివ్యసత్ప్రసాదం స్వీకరించవచ్చని నిర్ణయించారు. ఏడేళ్ల బిడ్డకు అన్నీ తెలియనవసరం లేదు, ఆ తర్వాత తన శక్తి కొద్దీ మిగిలినదంతా క్రమంగా నేర్చుకోవాలి అన్న షరతు కూడా అక్కడే ఉంది. వయసు తగ్గించడాన్ని ఆనందంగా తీసుకున్నాం. ‘ఆ తర్వాత’ అన్నదాన్ని తీసుకోలేదు.

1971లో వాటికన్ నుంచి వచ్చిన సత్యోపదేశ నిర్దేశిక, పెద్దలకు ఇచ్చే సత్యోపదేశమే ప్రధానమైనదని, మిగిలినవన్నీ అవసరమే అయినా ఏదో ఒక విధంగా దానివైపే సాగుతాయని స్పష్టంగా చెప్పింది. 1979లో రెండవ జాన్ పాల్ పోపు దానికి కారణం కూడా చెప్పారు: ఎక్కువ బాధ్యతలు మోస్తున్నది పెద్దలే, క్రీస్తు సందేశాన్ని పూర్తి రూపంలో జీవించగలిగిన శక్తి ఉన్నదీ వాళ్లకే. పిల్లల శిక్షణ, యువత శిక్షణ, పెద్దల శిక్షణ ఒకదానితో ఒకటి సంబంధం లేని గదుల్లా ఉండకూడదని కూడా ఆయన హెచ్చరించారు. 1983 నాటి శ్రీసభ చట్టంలో 776వ నిబంధన పెద్దలు, యువత, పిల్లలు ముగ్గురి శిక్షణనూ విచారణ గురువు బాధ్యతగా పెట్టింది. ముందుగా పేర్కొన్నది పెద్దలనే. ఫాదర్‌గారూ, మీ మీద ఎంత భారం ఉందో మాకు తెలుసు. ఈ నిబంధనను నేను ఎత్తి చూపడం మిమ్మల్ని నిలదీయడానికి కాదు. ఈ పనిలో చేయి వేయడానికి మాకు అవకాశం ఇవ్వమని అడగడానికి.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది 1992లో వెలువడిన ‘కతోలిక శ్రీసభ సత్యోపదేశం’ అనే గ్రంథంలోని 1231వ పేరా. పసిబిడ్డకు ఇచ్చే జ్ఞానస్నానం తన స్వభావం వల్లనే, ఆ తర్వాత ఒక శిక్షణ కాలాన్ని కోరుతుంది అంటుంది అది. అంటే ఒక బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చిన ప్రతిసారీ విచారణ ఒక మాట ఇస్తున్నట్లే లెక్క. బిడ్డ ఎదిగే కొద్దీ ఆ కృప కూడా అతనిలో ఎదిగేలా చూస్తామన్న మాట అది. జ్ఞానస్నాన రిజిస్టరులో ఎన్ని పేర్లు ఉన్నాయో అన్ని మాటలు ఇచ్చాం మనం.

మొదటి శతాబ్దాల శ్రీసభకు ఈ సమస్య లేదు, ఎందుకంటే అక్కడ బోధన ముఖ్యంగా పెద్దలకే. నాలుగో శతాబ్దం చివర్లో ఎగేరియా అనే యాత్రికురాలు యెరూషలేముకు వెళ్లి, అక్కడ చూసింది తన తోటి స్త్రీలకు రాసింది. పాస్క పండుగకు (ఈస్టర్‌కు) ముందు వచ్చే తపస్కాలమంతా పీఠాధిపతి (బిషప్) ఉదయంపూట మూడు గంటలసేపు కూర్చుని, జ్ఞానస్నానానికి సిద్ధపడుతున్నవాళ్లకు పవిత్ర గ్రంథాన్నీ విశ్వాస సంగ్రహాన్నీ వివరించేవాడు. వాళ్ల జ్ఞాన తల్లిదండ్రులు (జ్ఞానస్నానంలో వాళ్లకు అండగా నిలిచేవాళ్లు) పక్కనే ఉండేవారు. అప్పటికే జ్ఞానస్నానం పొందినవాళ్లలో వినాలనుకున్నవాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు. పాస్క పండుగ తర్వాతి వారంలో, పొందిన సంస్కారాల అర్థాన్ని పీఠాధిపతి విప్పి చెబుతుంటే విన్నవాళ్ల హర్షధ్వానాలు గుడి బయటికి కూడా వినపడేవని ఆమె రాసింది. సంస్కారాల గురించి వింటూ పెద్దవాళ్లు సంతోషంతో కేకలు వేశారు! ఆ పేజీ చదివినప్పుడల్లా నాకు ఆశ కలుగుతుంది.

పునీత అగస్టీన్‌కు జ్ఞానస్నానం జరిగింది 387లో, ముప్ఫై రెండేళ్ల వయసులో. ఆయనకు జ్ఞానస్నానం ఇచ్చిన పునీత అంబ్రోస్ కూడా పెద్దయ్యాకే, పీఠాధిపతిగా ఎన్నికయ్యాకే జ్ఞానస్నానం పొందాడు. శ్రీసభ పితరులుగా మనం గౌరవించే ఈ ఇద్దరూ పెద్దవాళ్లుగా కూర్చుని నేర్చుకున్నవాళ్లే.

తర్వాత పసిబిడ్డల జ్ఞానస్నానం మామూలు పద్ధతి కావడంతో పెద్దల శిక్షణ క్రమంగా కనుమరుగైంది. పదహారో శతాబ్దంలో ప్రశ్న, జవాబుల పుస్తకాలు వచ్చాయి. ఆ తర్వాతి కాలంలో స్కూలు పద్ధతి వచ్చి సత్యోపదేశానికి కూడా క్లాసులు, పాఠాలు, పరీక్షలు తెచ్చింది. దానివల్ల మేలు జరగలేదని కాదు. ఎంతోమంది పిల్లలు ప్రార్థనలు, ఆజ్ఞలు నేర్చుకున్నది అలాగే. కానీ స్కూలుకు ఒక ఆఖరి తరగతి ఉంటుంది. అది దాటినవాడు చదువు అయిపోయిందనుకుంటాడు. సత్యోపదేశానికి కూడా ఒక ఆఖరి తరగతి ఉందన్న భావన మనకు అక్కడి నుంచే వచ్చిందని నేను అనుకుంటాను. రెండవ వాటికన్ మహాసభ 1963లో పెద్దల జ్ఞానస్నాన శిక్షణను దశలవారీగా పునరుద్ధరించమని చెప్పింది, 1972లో ఆ క్రమం వెలువడింది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవాళ్లకు ఇంత శ్రద్ధగా, ఇంత ఓపికగా బోధించే పద్ధతి మన దగ్గర ఉన్నప్పుడు, పుట్టు కతోలికులమైన మనకు అందులో కొంతైనా ఎందుకు దక్కకూడదు?

ఇక ఇంటి సంగతి. నిర్గమకాండంలో యూదుల పాస్క పండుగ నియమాల మధ్యలో ఒక వాక్యం ఉంది: ఈ ఆచారానికి అర్థమేమిటని మీ పిల్లలు అడిగినప్పుడు మీరు ఇలా చెప్పాలి. ద్వితీయోపదేశకాండంలో మళ్లీ అదే వస్తుంది. ప్రశ్న బిడ్డ నోట పుడుతుంది, జవాబు తల్లిదండ్రుల దగ్గర ఉండాలి. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు ఈ మాటలు మాట్లాడమని కూడా అక్కడే ఉంది. తిమోతి విశ్వాసం ముందు అతని అమ్మమ్మ లోయిలో, తల్లి యునీకేలో ఉందని పౌలు పేర్లు పెట్టి రాశాడు.

మన దగ్గర ఏం జరుగుతోంది? తల్లిదండ్రులు పిల్లల్ని క్లాసు దగ్గర దింపి, అయ్యేదాకా బయట నిలబడతారు. వాళ్లను నేను తప్పుపట్టను. వాళ్ల కోసం మనం ఎన్నడూ ఒక కుర్చీ వేయలేదు. ‘మమ్మీని అడిగితే నాకు తెలీదు, మీ టీచర్‌ని అడుగు అంది’ అని పిల్లలు నాతో చెబుతుంటారు. ఆ తల్లికి తెలుసుకోవాలని ఉంది. ఎక్కడ అడగాలో తెలియదు. పిల్లల ముందు అడగడానికి మొహమాటం, ఫాదర్‌గారిని అడగడానికి భయం. వారానికి ఒక గంట మేం చెప్పేది ఎంత బాగున్నా, మిగతా వారమంతా గడిచే ఇంట్లో దాని గురించి ఒక్క మాట కూడా వినపడకపోతే అది నిలవదు. చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి ఈ మాట నమ్మకంగా చెప్పగలను: పిల్లల ముఖం చూస్తే ఏ ఇంట్లో విశ్వాసం గురించి మాట్లాడుకుంటారో తెలిసిపోతుంది.

అందుకని నా మొదటి విన్నపం. నెలలో ఒక ఆదివారం పిల్లల క్లాసును ఆపి, దాని బదులు అన్ని వయసులవాళ్లూ కలిసి నేర్చుకునే సమావేశం పెట్టండి. ఎజ్రా ధర్మశాస్త్ర గ్రంథాన్ని చదివినప్పుడు పురుషులు, స్త్రీలు, విని గ్రహించగలిగిన వాళ్లందరూ అక్కడ ఉన్నారని నెహెమ్యా గ్రంథం చెబుతుంది. లేవీయులు జనానికి అర్థం చెప్పారు. మనకూ అదే కావాలి. ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి మరణం నుంచి లేచిన యేసు తమతో నడిచినా గుర్తుపట్టని, ఎమ్మావు దారిలో ఇద్దరు శిష్యుల కథ తీసుకుందాం. ముందు అందరం కలిసి ఒక పాట పాడి, సువార్త భాగాన్ని మెల్లగా చదువుతాం. తర్వాత ముప్పావు గంటసేపు విడిపోతాం. చిన్నపిల్లలు ఆ కథను ఆడి చూపిస్తారు. యువత ‘ఆయన్ను వాళ్లు ఎందుకు గుర్తుపట్టలేకపోయారు’ అన్నది చర్చిస్తారు. పెద్దలు ‘ఆయనే విమోచిస్తాడని ఆశపడ్డాం’ అన్న శిష్యుల మాట దగ్గర ఆగుతారు. తమ జీవితంలో ఏ ఆశ తీరలేదో, అప్పుడు దేవుడు ఎక్కడ ఉన్నట్లు అనిపించిందో నలుగురైదుగురు చొప్పున మాట్లాడుకుంటారు. రొట్టె విరిచినప్పుడు కళ్లు తెరుచుకోవడానికీ మనం ప్రతి ఆదివారం చేసే పూజకూ ఉన్న సంబంధాన్ని ఫాదర్‌గారో సిస్టరో వివరిస్తారు. చివర్లో మళ్లీ అందరం కలుస్తాం. తల్లిదండ్రులు, పిల్లలు ఒకే విషయం విన్నారు కాబట్టి ఇంటికి వెళ్లాక మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, ముందే చెప్పడం మంచిది. ఇలాంటి సమావేశాలు త్వరగా పిల్లల ప్రోగ్రాముగా మారిపోతాయి. పిల్లలు స్టేజీ ఎక్కుతారు, పెద్దలు చప్పట్లు కొడతారు, అందరూ సంతోషంగా వెళ్తారు, పెద్దలు మాత్రం ఏమీ నేర్చుకోరు. అలా జరిగితే మనం బయల్దేరిన చోటికే తిరిగొచ్చినట్లు. పెద్దల ముప్పావు గంటే ఆ రోజుకు ముఖ్యమైన భాగం అని నిర్వాహకులు గట్టిగా పట్టుకోవాలి. దానికి సిద్ధపాటు కూడా ఎక్కువే కావాలి. పెద్దలకు తేలిక మాటలు కావాలి గానీ పలచని విషయం వద్దు.

రెండో విన్నపం జీవితంలో మలుపుల గురించి. మనుషులు తమంతట తాముగా గుడి తలుపు తట్టే సందర్భాలు కొన్ని ఉన్నాయి: పెళ్లి, బిడ్డ జ్ఞానస్నానం, ఇంట్లో మరణం. ఆ మూడు సమయాల్లో మనం వాళ్ల చేత ఫారాలు నింపిస్తాం, తేదీ ఇస్తాం, ఆ పని ముగించి పంపిస్తాం. పెళ్లికి ముందు కోర్సు ఉంది, నిజమే. పెళ్లయిన మొదటి ఏడాదిలో, అసలు సర్దుబాటు మొదలయ్యే సమయంలో మాత్రం ఎవరూ పలకరించరు. పెళ్లయిన తొలి ఏళ్లలో దంపతులకు తోడు ఉండమని 2016లో ఫ్రాన్సిస్ పోపు ప్రత్యేకంగా రాశారు. విచారణలో పదేళ్లో ఇరవయ్యేళ్లో కాపురం చేసిన ఒక జంటను ప్రతి కొత్త జంటకూ జత చేయగలం. అపోల్లో అంతటి పండితుణ్ణి ప్రిస్కిల్లా, అక్విలా అనే దంపతులు తమతో తీసుకెళ్లి దేవుని మార్గాన్ని ఇంకా వివరంగా చెప్పారని అపోస్తలుల కార్యాల్లో ఉంది కదా. జ్ఞానస్నానం విషయంలో తల్లిదండ్రులతోపాటు జ్ఞాన తల్లిదండ్రులను కూడా పిలిచి రెండు మూడు సాయంత్రాలు కూర్చోబెట్టాలి. ఏడాది తిరిగేసరికి ఆ కుటుంబాలను మళ్లీ ఒకసారి కలపాలి. మరణం జరిగిన ఇంటికి సమాధి కార్యక్రమం తర్వాత కూడా వెళ్లాలి. నేర్పడానికి కాదు, వినడానికి. వాళ్లే అడిగినప్పుడు ఉత్థానం గురించి మాట్లాడాలి.

వృద్ధుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే విచారణలో మనం అందరికంటే ఎక్కువగా మరిచిపోయింది వాళ్లనే. శిశువైన యేసును దేవాలయంలో గుర్తుపట్టింది ఎవరు? సిమియోను, అన్నమ్మ. ఎనభై నాలుగేళ్ల అన్నమ్మ ఊరుకోలేదు, విమోచన కోసం ఎదురుచూస్తున్న వాళ్లందరికీ ఆ శిశువు గురించి చెప్పింది. ‘నా తల నెరిసినా, రాబోయే తరానికి నీ బలాన్ని తెలిపేదాకా నన్ను విడువకు’ అని 71వ కీర్తన ప్రార్థిస్తుంది. ముసలివాళ్లకు చెప్పాల్సింది ఉందని, దాన్ని చెప్పనివ్వాలని పవిత్ర గ్రంథానికి తెలుసు. భద్రమైన అభ్యంగనానికి సిద్ధపడే ప్రతి పిల్లవాడూ విచారణలో ఒక వృద్ధుడితోనో వృద్ధురాలితోనో కొన్నిసార్లు కూర్చుని, వాళ్ల విశ్వాస ప్రయాణం అడిగి తెలుసుకునేలా చేయగలమా? అది ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేనిది ఇస్తుంది.

అయితే వృద్ధులు బోధించేవాళ్లు మాత్రమే కాదు, నేర్చుకోవాల్సినవాళ్లు కూడా. శక్తి తగ్గిపోతున్నప్పుడు, ఇతరుల మీద ఆధారపడాల్సి వచ్చినప్పుడు, తోడు పోయినప్పుడు, మరణం దగ్గరవుతున్నప్పుడు విశ్వాసం అడిగేది వేరు. ఆ వయసులో పాత పాపాల గురించి నిద్రపట్టనంత భయం పెట్టుకున్నవాళ్లను చూశాను. చిన్నప్పుడు నేర్చుకున్న నరకం పాఠం వాళ్లలో అలాగే ఉండిపోయింది, దేవుని కనికరం గురించి పెద్దయ్యాక ఎవరూ నేర్పలేదు. మంచం పట్టినవాళ్లకు దివ్యసత్ప్రసాదం తీసుకెళ్లేవాళ్లు ఆ నెల సమావేశంలో చదివిన సువార్త భాగాన్ని కూడా తీసుకెళ్లి, కాసేపు కూర్చుని చదివి మాట్లాడితే వాళ్లు కూడా ఈ శిక్షణలో భాగమవుతారు.

శారీరక, మానసిక వైకల్యం ఉన్నవాళ్లకు వాళ్ల స్థితి అనుమతించినంత మేరకు సత్యోపదేశం అందేలా చూడాలని శ్రీసభ చట్టంలోనే (777వ నిబంధన) ఉంది. మన విచారణలో ఇలాంటి బిడ్డలున్న కుటుంబాలు ఉన్నాయి. వాళ్లు అడగడం మానేశారు. మనమే వెళ్లి అడగాలి.

ఇవన్నీ ఎవరు చేస్తారన్నది న్యాయమైన ప్రశ్న. ఇప్పుడు సత్యోపదేశం చెప్పేవాళ్లను ఎంచుకునే పద్ధతి ఏమిటంటే, ఆదివారం ఖాళీగా ఉన్నది ఎవరో చూడడం. వాళ్ల మంచి మనసు మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కానీ వాళ్లకు శిక్షణ ఇవ్వకుండా, పుస్తకం చేతికిచ్చి పంపించడం వాళ్లకూ అన్యాయమే, వినేవాళ్లకూ అన్యాయమే. 2021లో ఫ్రాన్సిస్ పోపు ఉపదేశి (సత్యోపదేశం చెప్పేవారి) సేవను శ్రీసభలో ఒక స్థిరమైన పరిచర్యగా నెలకొల్పారు. ఆ సేవకు శ్రీసభ ఇంత విలువ ఇస్తున్నప్పుడు, మన విచారణ బడ్జెట్‌లో ఉపదేశుల శిక్షణకు, పుస్తకాలకు ప్రత్యేకంగా కొంత సొమ్ము కేటాయించాలి. ఇప్పుడు ఆ పద్దు కింద ఉన్నది పిల్లల బహుమతులు మాత్రమే.

అలసట గురించి కూడా ఒక మాట. సుమారు క్రీ.శ. 400లో కార్తేజీలో దియోగ్రాతియాస్ అనే డీకన్ (గురువుకు కింది స్థాయి పరిచారకుడు), చెప్పిందే చెప్పి చెప్పి తనకే విసుగొస్తోందని పునీత అగస్టీన్‌తో మొరపెట్టుకున్నాడు. అగస్టీన్ దానికి జవాబుగా ఒక చిన్న పుస్తకమే రాశాడు. నా ప్రసంగం నాకే దాదాపు ఎప్పుడూ నచ్చదు అని అందులో ఒప్పుకున్నాడు. వినేవాళ్లు నిలబడి అలసిపోతే కూర్చోమని చెప్పు అన్నాడు. ప్రేమతో చెబితే పాత విషయం మనకు కూడా కొత్తగా అనిపిస్తుందన్నాడు. పదహారు వందల ఏళ్ల కిందటి ఆ డీకన్ బాధ మా బృందంలో ప్రతి ఒక్కరికీ తెలుసు. దాన్ని వినడానికి ఒక అగస్టీన్ మాకు కూడా కావాలి. ఏడాదికి రెండుసార్లయినా మా కోసం ఒక వడకం (ప్రార్థన, ధ్యానాల విరామం) ఏర్పాటు చేయండి. మేము కూడా నేర్చుకుంటూ ఉండాల్సిన పెద్దవాళ్లమే.

‘పెట్టినా ఎవరూ రారు’ అన్న అభ్యంతరం సలహా సంఘంలో తప్పకుండా వస్తుంది. మొదట్లో కొద్దిమందే రావచ్చు. వచ్చినవాళ్లతోనే మొదలుపెట్టి, సంఖ్య కోసం హాజరు పట్టీలు, ఒత్తిళ్లు పెట్టకుండా ఉంటే చాలు. పెద్దల సమావేశానికి రాకపోతే పిల్లలకు సంస్కారం ఆపుతామన్న బెదిరింపు మాత్రం దయచేసి ఎవరూ ప్రతిపాదించవద్దు. భయంతో వచ్చినవాళ్లు కూర్చుంటారు, వినరు. వాళ్లకు ఉపయోగపడే విషయం చెబితే ఇంకొకరిని తీసుకొస్తారు. పని వేళల వల్ల ఆదివారం రాలేనివాళ్ల కోసం వారం మధ్యలో ఏదో ఒక ఇంట్లో చిన్న గుంపుగా అదే పాఠం జరపవచ్చు. ఎవరి ఇంట్లో, ఏ రోజు అన్నది వాళ్లే నిర్ణయించుకుంటారు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టమని అడగను. ఈ ఏడాది మొదటి దివ్యసత్ప్రసాదానికి సిద్ధపడుతున్న పిల్లల తల్లిదండ్రులతో ప్రారంభిద్దాం. పిల్లల క్లాసు జరిగే అదే గంటలో, పక్క గదిలో, అదే పాఠాన్ని పెద్దల స్థాయిలో. ఆ గంటను మాలో ఇద్దరు చూసుకుంటారు. మాకు కావాల్సింది ఒక గది, కుర్చీలు, మొదటి రోజు ఫాదర్‌గారు వచ్చి వాళ్లను స్వయంగా ఆహ్వానించడం. అన్ని వయసుల నెలవారీ సమావేశాన్ని క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం నుంచి మొదలుపెట్టవచ్చు.

వచ్చే సలహా సంఘ సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు తీసుకోవాలని, ఆ రోజు యువత నుంచి ఒకరిని, వృద్ధుల నుంచి ఒకరిని, చిన్నపిల్లల తల్లిదండ్రుల నుంచి ఒకరిని కూడా పిలిచి వాళ్లకు ఏం కావాలో వాళ్ల నోటే వినాలని మనవి చేస్తున్నాను. మీరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు మేం వస్తాం. మొదటి ఆరు వారాల పాఠాలను రాసుకుని సిద్ధంగా ఉంచాం.

ప్రభువునందు మీ,
విచారణ సత్యోపదేశ బృందంలో ఒకరు